మా బావ బరువు

మా బావ ఏం ఉద్యోగం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అక్క తడుముకోకుండా "ఎక్కి దిగుతారు" అనేది. అడిగినవాళ్ళు ఏ బస్సు కండక్టరో అనుకునేవారు. ఆవిడ చెప్పింది అబద్ధమేమీ కాదు. మేమిద్దరం పని చేసేది నిచ్చెనల ఫ్యాక్టరీలో. నేను అమ్మకాల్లో, ఆయన తనిఖీలో. అల్యూమినియం మడత నిచ్చెనలు తయారై షెడ్డు చివరికి వచ్చాక, ఒక్కోదాన్నీ ఎక్కి, దిగి, పనికొస్తుందో రాదో తేల్చడమే ఆయన పని.

ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయనకు ఒకటే పట్టుదల. మనిషి ఎక్కి చూడని నిచ్చెన గేటు దాటకూడదు. ఆ మనిషి కూడా అల్లాటప్పా మనిషైతే లాభం లేదు, నిండుగా ఉండాలి. మా బావ మొదట సామాను ఎత్తే పని కోసం వచ్చాడట. ఆఫీసు బయట బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చున్నాడు. బల్ల కాలు విరిగింది. లోపల్నుంచి పెద్దాయన పరుగున వచ్చి విరిగిన కాలు వంక ఓసారి, బావ వంక ఓసారి చూసి, "నీలాంటివాడి కోసమే చూస్తున్నానయ్యా" అన్నాడట. ఈ కథలో ఎంత నిజముందో నాకు తెలియదు. చెప్పిన ప్రతిసారీ బావ ఆ బల్లను ఇంకాస్త గట్టి బల్లగా చేసేవాడు.

అప్పట్లో బావ బరువు వంద కిలోల పైమాటే. నిచ్చెనకు అంటించే ఎర్ర బిళ్ళ మీద కూడా "వంద కిలోల బరువు మోస్తుంది" అని ఉంటుంది. బావను మోసిందంటే ఇక ఎవరినైనా మోస్తుందని లెక్క. షెడ్డులో అందరూ ఆయన్ని తూకంరాయి అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరే, వాడగా వాడగా గౌరవమై కూర్చుంది. పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు షాపుకొచ్చి "ఆ లావాయన ఎక్కిన నిచ్చెనేనా?" అని అడిగి మరీ పట్టుకెళ్ళేవారు. అమ్మడానికి నేను నోరు నొప్పెట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు.

కానీ ఆయన పని చేసే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నిచ్చెన కాళ్ళు విప్పి, వాటిని కలిపే మడతబందు సరిగ్గా పడిందో లేదో బొటనవేలితో నొక్కి చూస్తాడు. మధ్య మెట్టు దాకా ఎక్కుతాడు, ఎందుకంటే నిచ్చెన ఎక్కువగా వంగేది అక్కడే. ఎడం కాలి మీద కాసేపు, కుడి కాలి మీద కాసేపు బరువు వేస్తాడు. తరవాత చిన్నగా ఓ ఊపు ఊపి చెవొగ్గి వింటాడు. దిగి, నిచ్చెన మొత్తాన్ని ఓసారి కుదిపి, అప్పుడు గానీ ఎర్ర బిళ్ళ తీయడు. మధ్యలో ఎవరైనా పలకరించారా, ఇక అంతే. దిగిపోయి మళ్ళీ మొదటినుంచి ఎక్కుతాడు. బయట నా వ్యాను ఇంజను ఆన్‌లో ఉంటుంది, షాపువాడు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, లోపల ఈయన పెళ్ళికొడుకులా నెమ్మదిగా మెట్టెక్కుతుంటాడు.

"బావా, నిచ్చెన ఎక్కుతున్నావా, ముహూర్తం పెట్టించుకుంటున్నావా?" అని అరిచేవాణ్ణి.

ఆయన దిగి, మళ్ళీ ఎక్కేవాడు. నా నోటిదురదకు పడే శిక్ష అది.

అలాంటి మనిషికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు పరీక్షలు చేసి, షుగరుంది, బీపీ ఉంది, ఇలాగే ఉంటే ఎక్కువ కాలం ఉండరు అని మొహం మీదే చెప్పాడు. ఆ మాట బావకు ఎంత తగిలిందో గానీ అక్కకు బాగా తగిలింది. ఆ సాయంత్రమే వంటింటిని కోటలా స్వాధీనం చేసుకుంది. వేపుళ్ళు మానేసింది, మిఠాయి డబ్బాలు పక్కింటికి వలస పోయాయి, కంచంలో ఉడికించిన కూరలు కొండలా, అన్నం చారెడు. తెల్లారగానే చెప్పులు ముందు పెట్టి, "నడిచి రండి" అని తలుపు వేసేసేది. బావ గునిశాడు, అలిగాడు, నా దగ్గరికొచ్చి టీలో చక్కెర వేయించమని బతిమాలాడు. అక్క ముందు నేనెంతటివాణ్ణి? మా ఇంట్లో ఆవిడ మాటకు అప్పీలు లేదు.

ఏడాది తిరిగేసరికి బావ సగం మనిషయ్యాడు. సగం అనేది నా నోటి వాటం, అంతగా కాదు, కానీ ప్యాంట్లన్నీ మళ్ళీ కుట్టించుకోవాల్సొచ్చింది. మొహంలో ఎముకలు కనబడ్డాయి. మోకాళ్ళ నొప్పి తగ్గింది. మెట్లెక్కుతుంటే ఆయాసం పోయింది. షెడ్డులో అందరూ మెచ్చుకున్నారు. "తూకంరాయి కాస్తా గులకరాయైందే!" అని నేనంటే నవ్వేశాడు. కొత్త చొక్కా వేసుకుని అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకోవడం కూడా నా కంటపడింది. మనిషి నిజంగా సంతోషంగా ఉన్నాడు, చూసి నాకూ సంతోషమే వేసింది.

ఇంతమంది పొగిడాం గదా, ఒక్కరికీ అసలు సంగతి తట్టలేదు. రోజూ ఆయన్ని చూసేవాళ్ళమే, రోజూ ఆ నిచ్చెనలు చూసేవాళ్ళమే. ఆయన సన్నబడితే నిచ్చెనల పరీక్ష కూడా సన్నబడుతుందని మా ఫ్యాక్టరీ మొత్తంలో ఏ బుర్రకూ అందలేదు.

గేటు దగ్గర తుక్కు తూచే పెద్ద త్రాసు ఒకటుంటుంది, నేలకు ఆనించిన ఇనప పలకతో. ఓ ఉదయం సరుకు ఎక్కిస్తున్నప్పుడు హమాలీలు బావను ఆట పట్టించారు. "బాబాయ్, ఓసారి ఎక్కు, ఎంత కరిగావో చూద్దాం" అన్నారు. బావ చెప్పులు విడిచి హుషారుగా పలక మీద నిలబడ్డాడు. ముల్లు డెబ్బై దాటి కాస్త ముందుకెళ్ళి ఆగింది. హమాలీలు చప్పట్లు కొట్టారు. బావ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆయన చూపు నా వ్యాను మీద పడింది. లోపల వరసగా నిచ్చెనలు, వాటికి ఎర్ర బిళ్ళలు. ఆ నవ్వు అలాగే ఆరిపోయింది.

"ఒరేయ్, అవన్నీ దింపు" అన్నాడు.

"ఎందుకు?"

"బిళ్ళ మీద వంద అని ఉందిరా. నేను వంద లేను."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. లోడు కట్టడం అయిపోయింది, షాపువాళ్ళు కాచుక్కూర్చున్నారు. బావ నా మాట వినే స్థితిలో లేడు. నిప్పంటుకుంటే చల్లడానికి షెడ్డు మూల పెట్టిన ఇసక బస్తా ఒకటి భుజానికెత్తుకుని మళ్ళీ త్రాసెక్కాడు. ముల్లు వంద దాటిందని చూసుకుని, వ్యాను లోంచి నిచ్చెన తనే దింపుకుని, బస్తాతో సహా మధ్య మెట్టెక్కాడు. నిలిచింది. రెండోది నిలిచింది. తరవాతవీ నిలిచాయి. "చూశావా?" అని నేను నోరు తెరిచేలోగా ఇంకో నిచ్చెన మీద ఊపు ఊపాడు. టప్‌మంది. మెట్టు ఒక పక్కకు జారి వేలాడింది. బావ బస్తాను అటు విసిరేసి ఇటు దూకాడు. పాత బావైతే అంత చురుగ్గా దూకేవాడు కాదు, ఆ సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

మెట్టును పక్క బద్దలకు పట్టి ఉంచే రివెట్టు తెగిపోయింది. కొన్నాళ్ళుగా రివెట్లు కొత్తచోటు నుంచి తెప్పిస్తున్నారు. వాటిలో కొన్ని మెత్తవి. పాత బావ కింద అవి మొదటి రోజే దొరికిపోయేవి. కొత్త బావ కింద చక్కగా పాసయ్యాయి. తెగిన ఆ నిచ్చెనకు ఆ పూటే ఆయన చేత్తో అంటించిన బిళ్ళ ఇంకా తడి కూడా ఆరలేదు.

బావ నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు చెడ్డవాడు కాదు, భయస్థుడు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"చూడు తూకంరాయీ, ఇవాళ్టినుంచి బస్తా వేసుకుని ఎక్కు. ఎవరూ ఏమీ అనరు. అమ్మేసినవి తవ్వకు. ఇప్పటిదాకా ఒక్క కంప్లయింటు వచ్చిందా?"

"పడినవాడు కంప్లయింటు రాయాలంటే ముందు లేవాలి కదా సార్" అన్నాడు బావ.

"శుభమా అని ఉంటే ఏమిటయ్యా ఆ మాటలు!" అని మేనేజరు కసురుకుని పంపించేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను కూడా మేనేజరు పాటే పాడాను. ఇప్పుడు మంచివాణ్ణనిపించుకోవడానికి మాట మార్చను. ఆ షాపులన్నిటికీ మాట ఇచ్చింది నేను. వెళ్ళి "మా నిచ్చెనలు నమ్మకండి" అని చెప్పాల్సింది కూడా నేనే. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బావా? కొన్నవాడు హాయిగా ఉన్నాడు, మధ్యలో నీకేంటి?" అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, అది మాత్రం ఆయన మంచికే అన్నాను. "నువ్వెళ్ళి ఈ సంగతి ఓనరు మేడంతో చెబితే ఆవిడేమంటుందో తెలుసా? మనిషి ఒళ్ళు పెరుగుతుంది, తగ్గుతుంది, మనిషి బదులు వంద కిలోల ఇనప గుళ్ళు పెట్టి చూడండి అంటుంది. అప్పుడు నీతో పనేముంది? కూర్చున్న కొమ్మను నువ్వే నరుక్కుంటావా?"

బావ నా మొహంలోకి చూశాడు. ఆయన మనసులో ఆ భయం నాకన్నా ముందే ఉందని అప్పుడు తెలిసింది. చదువు పెద్దగా లేదు, వేరే పని రాదు, వయసు యాభై దాటింది. ఆయనకు తెలిసిందల్లా నిచ్చెన మధ్య మెట్టు.

తరవాత కొన్ని రోజులు బస్తా వేసుకుని పని చేశాడు. పోయేవన్నీ గట్టి నిచ్చెనలే. అయినా మనిషి మనిషిగా లేడు. వీధిలో ఎవరైనా నిచ్చెనేసుకుని గోడకు సున్నం వేస్తుంటే ఆగి చూస్తూ నిలబడిపోయేవాడు. పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. పైగా ఇంకో విచిత్రం మొదలైంది. సాయంత్రం ఇంటికి ఆలస్యంగా రావడం, కంచం ముందు ఆకలి లేదనడం. అక్క రెండ్రోజులు చూసి మూడో రోజు నన్ను వెంటేసుకుని వెతకడానికి బయల్దేరింది. బస్టాండు పక్క హోటల్లో, మూల బల్ల దగ్గర దొరికాడు. ముందు మూడు ప్లేట్లు ఖాళీగా ఉన్నాయి, నాలుగోది సగంలో ఉంది. తేలు కుట్టిన దొంగలా మా వంక చూశాడు.

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎందుకండీ ఇది?"

బావ చేయి కడుక్కోకుండానే, తల వంచుకుని చెప్పాడు. "నా బరువు నాకు కావాలే. మళ్ళీ వందకొస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పని పోదు. అంతా మామూలైపోతుంది."

"రేపు చేసే నిచ్చెనలకు మామూలవుతుంది" అంది అక్క. "అమ్మేసినవాటి సంగతేంటి? మీరు ఇవాళ ఎంత తింటే మాత్రం, పోయినేడు ఎక్కిన మెట్టు మీదికి ఇప్పటి బరువు వెళ్తుందా?"

హోటలు కుర్రాడు బిల్లు తెచ్చి పెట్టి వెళ్ళాడు. అక్క మళ్ళీ అంది, ఈసారి మెత్తగా. "పని పోతే పోయింది. ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసుకుందాం. మిమ్మల్ని బతికించుకోవడానికి నేనింత పెంకితనం చేసింది, మీరిలా దొంగచాటుగా తింటూ, ఎవరి ఇంట్లో ఎవరు పడ్డారోనని బతకడానికి కాదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. హోటల్లో అందరూ మా వంకే చూస్తున్నారు. నాకు ఆ క్షణంలో మా అక్కను చూస్తే గర్వంగానూ అనిపించింది, నా వాదనలన్నీ చప్పబడిపోయినట్టూ అనిపించింది. బిల్లు నేనే కట్టాను, అదొక్కటే నేను చేయగలిగిన మంచిపని.

మర్నాడు పొద్దున్నే బావ మేడం గదికి వెళ్ళాడు. పెద్దాయన పోయాక ఫ్యాక్టరీ ఆయన కూతురే చూసుకుంటోంది. చిన్నప్పుడు షెడ్డులో ఆడుకుంటూ బావ భుజాలెక్కిన పిల్ల. ఇప్పటికీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆ వారం అమ్మకాల సంగతి చెప్పడానికి నేనూ ఆ గదిలోనే ఉన్నాను, మేనేజరూ ఉన్నాడు. బావ జేబులోంచి ఓ ఎర్ర బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఏడాదిగా అబద్ధం చెబుతోందమ్మా. నా చేత్తోనే చెప్పించాను" అన్నాడు.

జరిగిందంతా చెప్పాడు, మేనేజరు పేరు ఎత్తకుండా. ఆవిడే మేనేజరు వైపు తిరిగి "మీకు తెలుసా?" అంది. ఆయన నీళ్ళు నమిలాడు. తరవాత నా వైపు తిరిగింది. నేనూ అదే పని చేశాను, కాకపోతే నాది రెండో గ్లాసు.

ఆవిడ ఆ బిళ్ళను వేలితో తిప్పింది. "ఇది బయటపెడితే మన పేరేం కావాలి బాబాయ్? నాన్నగారు పెట్టిన పేరు."

"ఆ పేరు నమ్మే కదమ్మా వాళ్ళు ఎక్కుతున్నారు" అన్నాడు బావ.

ఆవిడ లేచి షెడ్డులోకి వెళ్ళి, ఇసక బస్తాలు తెప్పించి, తన కళ్ళముందు నిచ్చెనల మీద పెట్టమంది. ఆ రోజు వ్యానులోంచి దింపి పక్కన పెట్టిన వాటిలో ఒకదాని మెట్టు ఆవిడ చూస్తుండగానే ఊడింది. పని చేస్తున్నవాళ్ళంతా చేతులాపేసి చూశారు. ఆవిడ అక్కడే, అందరూ వినేలా చెప్పింది. బావ బరువు తగ్గడం మొదలైన దగ్గర్నుంచి అమ్మినవాటిని వెతికి, ఉన్నచోటే బరువు పెట్టి చూడాలి. నిలవనివాటి రివెట్లు మార్చాలి, మారకపోతే కొత్తది ఇవ్వాలి. షాపుల్లో నోటీసులు అంటించాలి. ఇకనుంచి పరీక్షకు ఇనప గుళ్ళు వాడాలి.

"మరి మీరు..." అని బావ వంక చూసి ఆగిపోయింది.

"నేనే చెబుతున్నాను కదమ్మా. మనిషి ఒళ్ళు నమ్మదగ్గ తూకం కాదు" అన్నాడాయన. మాట తిన్నగా వచ్చింది.

నరుక్కున్నాడు కొమ్మ, అనుకున్నాను. కానీ ఆయన మొహం చూస్తే కింద పడ్డవాడిలా లేడు. ఇన్ని రోజులుగా ముడిపడి ఉన్న కనుబొమ్మలు విడిపోయాయి.

ఇక మొదలైంది మా యాత్ర. వ్యానులో ఇసక బస్తాలు, రివెట్లు, వాటిని కొట్టే పనిముట్టు, బావ, డ్రైవింగు నేను. అమ్మడానికి తిరిగిన వీధుల్లోనే తప్పు చెప్పడానికి తిరగడం ఎంత నామోషీయో చెప్పలేను. ఒక షాపాయన నలుగురి ముందు నిలబెట్టి కడిగేశాడు. ఇంకొకాయన ఉన్న సరుకంతా రోడ్డు మీద పెట్టించి "తీసుకుపొండి" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేవబోతే బావ నా మోచెయ్యి పట్టుకుని, "ఆయనకు కోపం వచ్చే హక్కుంది, మనకు లేదు" అన్నాడు. పళ్ళు బిగబట్టి బస్తాలు మోశాను. అయితే ఒక ముసలాయన మాత్రం మా నోటీసు రెండుసార్లు చదివి, టీ తెప్పించి, "ఇన్నేళ్ళ వ్యాపారంలో అడక్కుండా వచ్చి తప్పు చెప్పినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. ఆర్డరేమీ ఇవ్వలేదు, మళ్ళీ రావద్దని కూడా అనలేదు.

షాపులవాళ్ళు చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని కొన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. ఒక పెయింటరు మమ్మల్ని గుమ్మంలోనే ఆపేశాడు. "రోజూ దాని మీదే ఉంటాను. నాకేమైంది? దున్నపోతులా ఉన్నాను" అన్నాడు. నిజంగానే కండపట్టిన మనిషి. బావ బతిమాలి, బతిమాలి, చివరికి ఒక్కసారి చూస్తానని నిచ్చెన బయటికి తెప్పించాడు. పెయింటరు భార్య తలుపు దగ్గర చేటలో ఏదో ఏరుకుంటూ నిలబడి ఉంది. బావ మెట్టు మీద బస్తా పెట్టి, ఇంకో బస్తా పెట్టి, రెండు చేతులతో కిందికి ఊపాడు. మెట్టు ఊడి, బస్తాలు నేల మీద పడి, ఇసక చిందింది.

పెయింటరు ఊడిన మెట్టును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఆయన భార్య చేట పక్కన పెట్టి, గుమ్మం మీద కూలబడింది. తరవాత నెమ్మదిగా లేచి లోపలికెళ్ళి మా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో నేను బావను ఆపగలిగి ఉంటే, అనే ఆలోచన నాకు వచ్చింది, దాన్ని చివరిదాకా ఆలోచించలేకపోయాను. బావ ఆమె కళ్ళలోకి చూడకుండా రివెట్లు మారుస్తూ కూర్చున్నాడు. మళ్ళీ బస్తాలు పెట్టి, అది నిలిచాక, గ్లాసు తిరిగిస్తూ "అమ్మా, ఇప్పుడు పర్లేదు" అన్నాడు.

అన్నీ దొరకలేదు. దారినపోతూ కొనుక్కెళ్ళినవాళ్ళ ఇళ్ళు ఎవరికి తెలుస్తాయి? ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బావ నోటీసుల అంచులు మళ్ళీ గట్టిగా అంటించి వచ్చేవాడు. అమ్మకాలు కొన్నాళ్ళు పడిపోయాయి, దాచేదేముంది. తరవాత నెమ్మదిగా లేచాయి, పాత స్థాయికి ఇంకా రాలేదు. షెడ్డు చివర ఇప్పుడు ఇనప గుళ్ళున్నాయి, వాటికి షుగరూ రాదు, అక్కా లేదు. పాత నిచ్చెనలు మరమ్మతు చేసే పని ఒకటి కొత్తగా మొదలుపెట్టి మేడం బావను అందులో వేసింది. జీతం కాస్త తగ్గింది. అయినా వ్యానెక్కగానే పాటెత్తుకుంటాడు. గొంతు దరిద్రంగా ఉంటుంది. కిటికీలు దించేసుకుని భరిస్తున్నాను, ఎందుకంటే ఆ హోటలు మూల బల్ల దగ్గరి మొహాన్ని మళ్ళీ చూడాలని నాకు లేదు.

మొన్న ఓ లైబ్రరీకి వెళ్ళాం. మా నిచ్చెన ఒకటి అక్కడుందని తెలిసింది. పుస్తకాలు చూసుకునే అమ్మగారు దాన్ని బీరువా వెనకనుంచి లాగించింది. కొన్నాక పెద్దగా వాడలేదట. పైన ఎత్తులో ఉన్న కిటికీ తలుపు బిగుసుకుపోయి మూసుకోవడం లేదని, పావురాళ్ళు లోపలికొచ్చి దినపత్రికలు పాడుచేస్తున్నాయని చెప్పి, "ఎక్కడానికి మాకెవరికీ ధైర్యం లేదండీ" అంది.

బావ రివెట్లన్నీ చూశాడు, అనుమానంగా ఉన్నవి మార్చాడు. బస్తాలు పెట్టి ఊపాడు. నిలిచింది. కొత్త బిళ్ళ అంటించాడు. ఇక వెళ్దాం అనుకున్నాను. ఆయన మాత్రం ఆ కిటికీ వంకే చూస్తున్నాడు.

"నేను మూస్తాను" అన్నాడు.

"నువ్వా?"

"ఇన్నేళ్ళలో మధ్య మెట్టు దాటి ఎప్పుడూ ఎక్కలేదురా నేను. ఎక్కే పనే పడలేదు. పడినా మోకాళ్ళు ఎక్కనిచ్చేవి కావు."

అప్పుడు నాకూ వెలిగింది. వేలకొద్దీ నిచ్చెనలు ఎక్కిన మనిషి, ఒక్కదాని చివరిదాకా కూడా వెళ్ళలేదు. మధ్య మెట్టు మీద ఓ క్షణం ఆగాడు, అలవాటుకొద్దీ. తరవాత దాన్ని దాటి పైమెట్టు మీద కాలు పెట్టాడు. ఆ పైది ఎక్కాడు. నేను గబగబా వెళ్ళి నిచ్చెన కాళ్ళు రెండు చేతులతోనూ పట్టుకున్నాను. కిటికీ తలుపు గట్టిగా లాగి చూశాడు, గడియకు పట్టిన తుప్పు గీకాడు. దుమ్ము నా నెత్తి మీద పడింది. వెలుతురు ఆయన మొహం మీద పడింది.

"భయంగా ఉందా బావా?"

"లేదు. బాగుందిరా ఇక్కడ" అన్నాడు. తరవాత కిందికి చూసి, "నువ్వెందుకు పట్టుకున్నావ్? వదిలెయ్" అన్నాడు.

"ఉండనీ, పోయేదేముంది?"

"నువ్వు పట్టుకుంటే మోస్తున్నది నిచ్చెనో నువ్వో నాకెలా తెలుస్తుంది? వదిలెయ్‌రా."

జీవితమంతా ఆ నిచ్చెనలు గట్టివని పదిమందికీ చెప్పి అమ్మినవాణ్ణి. మా అక్క మొగుడు పైమెట్ల మీద నిలబడి ఉన్నాడు. నేను చేతులు తీసేసి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను.